కోడిపెట్ట రక్తంలో కొవ్వు: మందుతో తగ్గిస్తే ఏమవుతుంది?

జపాన్‌లోని సాంక్యో కంపెనీలో పనిచేసిన జీవరసాయన శాస్త్రవేత్త అకిరా ఎండో, 1970ల తొలినాళ్లలో దాదాపు 6,000 సూక్ష్మజీవుల నమూనాలను జల్లెడపట్టి, శరీరంలో కొలెస్టరాల్ తయారీని అడ్డుకునే ఒక పదార్థాన్ని 1973లో కనుగొన్నారు. పెనిసిలియం సిట్రినమ్ అనే బూజు నుంచి తీసిన ఆ పదార్థమే కాంపాక్టిన్. పరీక్షనాళికలో బ్రహ్మాండంగా పనిచేసిన ఆ మందును ఎలుకలకు ఇస్తే మాత్రం వాటి రక్తంలో కొలెస్టరాల్ తగ్గనే లేదు. ఎలుకల దగ్గరే ఓడిపోయిన మందుకు ఔషధ పరిశోధనలో సాధారణంగా రెండో అవకాశం దొరకదు. దీనికి ఆ అవకాశం ఇచ్చింది కోడిపెట్ట. 1976లో అదే కంపెనీలో కోళ్లపై ప్రయోగాలు చేస్తున్న నోరితోషి కిటానో సాయంతో, గుడ్లు పెట్టే కోళ్లకు 0.1 శాతం కాంపాక్టిన్ కలిపిన దాణాను 30 రోజుల పాటు మేపారు. వాటి రక్తంలో కొలెస్టరాల్ దాదాపు సగం వరకు పడిపోయింది. కోళ్ల బరువులో, మేత తినడంలో, పెట్టిన గుడ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. ఆ తరువాత కుక్కలు, కోతులు, చివరకు మనుషులు. కాంపాక్టిన్ తరహా మందులను స్టాటిన్లు అంటారు. వాటిలో ఒకటైన లోవాస్టాటిన్‌కు 1987లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఈ రోజు కోట్లాది మంది రోజూ మింగుతున్న స్టాటిన్ల చరిత్రలో కోడిపెట్టకు ఇంతటి స్థానం ఉందన్న సంగతి చాలామందికి తెలియదు.

అయితే ఈ కథను పైపైన చదివితే ఒక పొరపాటు అభిప్రాయం ఏర్పడే ప్రమాదం ఉంది. మనిషిలో కొవ్వును తగ్గించే మందు కోడిలో కూడా కొవ్వును తగ్గిస్తుంది కాబట్టి, దానివల్ల కోడికి ఆరోగ్యమూ మనకు కొలెస్టరాల్ లేని గుడ్డూ దక్కుతాయని అనుకోవడమే ఆ పొరపాటు. గుడ్లు పెట్టే కోడి రక్తంలో కనిపించే కొవ్వు జబ్బు కాదు. అది లివర్ నుంచి గుడ్డులోకి వెళుతూ దారిలో ఉన్న సరుకు. కాలువలో నీటిమట్టం తగ్గిందంటే పైన తూము మూశారో, కింది పొలాలు నీటిని బాగా తీసుకుంటున్నాయో, మధ్యలో గండి పడిందో ఆ మట్టం ఒక్కటే చూసి చెప్పలేం. కోడి రక్తంలోని ట్రైగ్లిజరైడ్ల (రక్తంలో ఉండే ప్రధాన రకం కొవ్వు) అంకె కూడా అంతే. మందు ఏదైనా సరే, అది కొవ్వు తయారీని తగ్గించిందా, లివర్ నుంచి ఎగుమతిని ఆపిందా, అండాశయం దగ్గర దిగుమతిని మార్చిందా అన్నదే అసలు ప్రశ్న. ఈ మూడింటిలో ఏది జరిగిందో తెలియకుండా, రక్తంలో కొవ్వు తగ్గింది కాబట్టి మందు పనిచేసిందని చెప్పడం కోడి విషయంలో అర్థం లేని మాట.

లివర్ నుంచి పచ్చసొన దాకా

ఎలుకలో కొవ్వు తయారీ పని లివర్‌కూ కొవ్వు కణజాలానికీ మధ్య పంచుకుని ఉంటుంది. పక్షుల్లో అలా కాదు. కోడిలో కొత్తగా తయారయ్యే కొవ్వు ఆమ్లాల్లో అత్యధిక భాగం లివర్‌లోనే తయారవుతాయి. పొట్టలో పేరుకున్న కొవ్వు పొర ప్రధానంగా గిడ్డంగి మాత్రమే, అక్కడ తయారీ నామమాత్రం. మరో తేడా కూడా ఉంది. మనం తిన్న నూనె పేగుల నుంచి శోషరస నాళాల గుండా వెళ్లి, లివర్‌ను తప్పించుకుని, ముందుగా రక్తంలో కలుస్తుంది. కోడిలో మాత్రం తిన్న కొవ్వు పోర్టోమైక్రాన్లు అనే రేణువుల రూపంలో పేగుల నుంచి పోర్టల్ సిర ద్వారా నేరుగా లివర్‌కే చేరుతుంది. అంటే తయారైన కొవ్వూ తిన్న కొవ్వూ రెండూ ముందుగా ఒకే అవయవం మీద పడతాయి. కోడికి వచ్చే కొవ్వు సమస్యల్లో ఎక్కువ భాగం లివర్ దగ్గరే ఎందుకు మొదలవుతాయో ఇక్కడే అర్థమవుతుంది.

పెట్టపిల్ల గుడ్డు పెట్టే వయసుకు రాకముందు దాని రక్తంలో ట్రైగ్లిజరైడ్లు దాదాపు మనిషికి ఉండే స్థాయిలోనే ఉంటాయి. గుడ్లకు రావడానికి కొద్ది వారాల ముందు అండాశయం ఈస్ట్రోజన్ విడుదల చేయడం మొదలుపెడుతుంది. ఆ హార్మోన్ అందిన లివర్ పరిమాణంలో పెరుగుతుంది, రంగు లేత పసుపుకు తిరుగుతుంది, పని తీరు పూర్తిగా మారిపోతుంది. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు డెసిలీటరుకు 1,000 మిల్లీగ్రాములు దాటిపోతాయి. మనిషికి 150 దాటితేనే వైద్యులు ఎక్కువ అంటారని గుర్తుంచుకుంటే ఈ అంకె ఎంతటిదో తెలుస్తుంది. గుడ్లు పెడుతున్న కోడి రక్తాన్ని గొట్టంలో తీసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే, పైన తేలే రక్తరసం గడ్డి రంగులో పారదర్శకంగా కాక, పాలు కలిపినట్టు మసకగా కనిపిస్తుంది. ఇది పూర్తిగా ఈస్ట్రోజన్ పనేనని చెప్పడానికి పాత ప్రయోగం ఒకటి చాలు. పుంజుకు ఈస్ట్రోజన్ ఇంజెక్షన్ ఇస్తే, గుడ్డు పెట్టే అవయవాలేవీ లేని ఆ పుంజు రక్తం కూడా కొద్ది రోజుల్లోనే అలాగే మసకబారుతుంది, దాని లివర్ కూడా గుడ్డుకు కావలసిన ప్రోటీన్లను తయారు చేయడం మొదలుపెడుతుంది.

ఈ కొవ్వు రక్తంలో ప్రయాణించేది వీఎల్‌డీఎల్ అనే రేణువులుగా. గుడ్డుకు రాని కోడిలో ఈ రేణువులు రకరకాల పరిమాణాల్లో, చాలావరకు పెద్దవిగా ఉంటాయి. గుడ్లు పెట్టే కోడిలో ఇవి కుదించుకుపోయి సుమారు 30 నానోమీటర్ల వ్యాసంతో, ఒకే అచ్చులో పోసినట్టుగా ఉంటాయి. వాటి ఉపరితలం మీద అపోబీ అనే పెద్ద ప్రోటీన్‌తో పాటు అపోవీఎల్‌డీఎల్-2 అనే చిన్న ప్రోటీన్ ఉంటుంది. ఇది ఈస్ట్రోజన్ ఉంటేనే తయారవుతుంది. ఈ చిన్న ప్రోటీన్ చేసే పని గొప్పది. కండరాల్లోనూ కొవ్వు కణజాలంలోనూ వీఎల్‌డీఎల్‌ను విప్పి అందులోని కొవ్వును కాజేసే లైపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైమ్‌ను ఇది అడ్డుకుంటుంది. ఆ విధంగా దారిలో ఎక్కడా దోపిడీకి గురికాకుండా కొవ్వు అండాశయానికి చేరుతుంది. అక్కడ అండకణం పెరిగే సంచి అయిన అండపుటిక చుట్టూ ఉన్న పొరలో చిన్న రేణువులు మాత్రమే దూరగలవు. పేగుల నుంచి వచ్చే పెద్ద రేణువులకు ఆ దారి లేదు. లోపల అండకణం మీదున్న వీఎల్‌డీఎల్ రిసెప్టర్ ఆ రేణువును పట్టుకుని, దాదాపు యథాతథంగా పచ్చసొనలోకి లాక్కుంటుంది. పచ్చసొన వేగంగా పెరిగేది గుడ్డు విడుదలకు ముందున్న చివరి వారం, పది రోజుల్లోనే.

లెక్క కట్టి చూద్దాం. ఒక గుడ్డులో పచ్చసొన సుమారు 17 గ్రాములు, అందులో మూడో వంతు కొవ్వు. అంటే రోజుకు 5 గ్రాములకు పైగా. 300 గుడ్లు పెట్టేసరికి కోడి తన శరీరం నుంచి ఒకటిన్నర కిలోల కొవ్వును బయటకు పంపుతుంది. అది దాదాపు ఆ కోడి బరువుతో సమానం. ఒక్కో గుడ్డులో సుమారు 185 మిల్లీగ్రాముల కొలెస్టరాల్ కూడా ఉంటుంది. చేపపొట్టు వంటివి లేకుండా, మొక్కజొన్న, సోయా చెక్క, నూనె తీసిన తవుడుతో చేసిన దాణాలో కొలెస్టరాల్ దాదాపు ఉండదు కాబట్టి, గుడ్డులోకి వెళ్లే కొలెస్టరాల్ అంతా కోడి స్వయంగా తయారు చేసుకోవలసిందే. ఈ తయారీని ఆపే మందుకు కోడి అంతగా స్పందించడం వెనుక కారణం ఇదే. ఎలుకలో అలా జరగకపోవడానికి వేరే కారణం ఉంది. మందు అడ్డుకున్న ఎంజైమ్‌నే ఎలుక లివర్ ఎన్నో రెట్లు ఎక్కువగా తయారు చేసుకుని ఆ అడ్డును దాటేస్తుంది.

దిగుమతి దగ్గర అడ్డు పడితే ఏమవుతుందో ప్రకృతే ఒక ఉదాహరణ చూపించింది. వైట్ లెగ్‌హార్న్ జాతిలో రిస్ట్రిక్టెడ్ ఓవ్యులేటర్ అని పిలిచే ఒక రకం కోళ్లు ఉన్నాయి. వాటిలో వీఎల్‌డీఎల్ రిసెప్టర్ జన్యువు దెబ్బతిని ఉంటుంది. లివర్ మామూలుగానే కొవ్వును పంపుతుంది, అండకణం మాత్రం పట్టుకోలేదు. ఫలితంగా ఆ పెట్టలు గుడ్లు పెట్టవు. పెట్టినా ఎప్పుడో ఒకటి. వాటి రక్తంలో కొవ్వు మామూలు గుడ్ల కోడి కంటే కూడా విపరీతంగా పెరిగిపోయి, మనుషుల్లో కనిపించే రకం రక్తనాళాల జబ్బుకు దారి తీస్తుంది. కోడికి రక్తంలో కొవ్వు ఎప్పుడు హాని చేస్తుందంటే, అది చేరవలసిన చోటికి చేరనప్పుడు. ఈ ఒక్క కోడిని అర్థం చేసుకుంటే మిగతా విషయమంతా సులువవుతుంది.

స్టాటిన్లు: ఏది తగ్గుతుంది, ఏది తగ్గదు

స్టాటిన్లు కొలెస్టరాల్ తయారీకి కీలకమైన హెచ్‌ఎంజీ-కోఏ రిడక్టేజ్ అనే ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి. మనిషిలో దీని అసలు ప్రయోజనం రెండో మెట్టులో వస్తుంది. లోపల కొలెస్టరాల్ తగ్గిందని గ్రహించిన లివర్ కణాలు తమ ఉపరితలం మీద కొలెస్టరాల్‌ను మోసే ఎల్‌డీఎల్ రేణువులను పట్టే రిసెప్టర్లను పెంచుకుని, రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లాగేస్తాయి. ఈ రిసెప్టర్ వ్యవస్థను వెలికితీసినందుకే మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. గుడ్ల కోడి రక్తంలో రాజ్యమేలేది మాత్రం ఎల్‌డీఎల్ కాదు, వీఎల్‌డీఎల్. దాన్ని ప్రధానంగా పట్టుకునేది లివర్ కాదు, అండకణం. కాబట్టి మనిషిలో స్టాటిన్ గెలిచే దారి కోడిలో అంత విశాలంగా లేదు. ఇక్కడ ప్రభావం ప్రధానంగా మొదటి మెట్టు మీదే ఆధారపడుతుంది. అంటే లివర్‌లో కొలెస్టరాల్ తయారీ తగ్గడం, దాని వల్ల వీఎల్‌డీఎల్ రేణువులో కొలెస్టరాల్ పాలు తగ్గడం.

ఈ విషయంలో ఎక్కువగా ప్రస్తావించదగిన ప్రయోగం అమెరికాలో రాబర్ట్ ఎల్కిన్, ఆయన సహచరులు చేసి 1999లో ప్రచురించినది. వైట్ లెగ్‌హార్న్ పెట్టలకు 5 వారాల పాటు అటోర్వాస్టాటిన్, సిమ్వాస్టాటిన్, లోవాస్టాటిన్‌లలో ఒక్కొక్కదాన్ని దాణాలో 0.03 లేదా 0.06 శాతం కలిపి ఇచ్చారు. ఎక్కువ మోతాదులో గుడ్డులోని కొలెస్టరాల్ గరిష్ఠంగా అటోర్వాస్టాటిన్‌తో 46 శాతం, సిమ్వాస్టాటిన్‌తో 22 శాతం, లోవాస్టాటిన్‌తో 7 శాతం తగ్గింది. ఒకే ఎంజైమ్‌ను అడ్డుకునే మూడు మందులు ఇంత భిన్నమైన ఫలితాలు ఇవ్వడం గమనించదగిన విషయం. మందు ఏ ఎంజైమ్‌ను పట్టుకుంటుందన్నది సగం కథే. కోడి లివర్‌లో ఎంతసేపు ఎంత బలంగా పట్టుకుని ఉంటుందన్నది మిగతా సగం.

46 శాతం అన్న అంకె ఆకర్షణీయంగా కనిపిస్తుంది. దాని వెనుక ఉన్న మోతాదును కూడా చూడాలి. గుడ్ల కోడి రోజుకు సుమారు 100 గ్రాముల దాణా తింటుంది. అందులో 0.06 శాతం అంటే 60 మిల్లీగ్రాములు. ఒకటిన్నర కిలోల పక్షికి ఇది కిలో బరువుకు 40 మిల్లీగ్రాములు అవుతుంది. మనిషికి అటోర్వాస్టాటిన్ గరిష్ఠ మోతాదు రోజుకు 80 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి అది కిలోకు ఒకటిన్నర మిల్లీగ్రాము కూడా కాదు. అంటే కోడికి ఇచ్చినది మనిషి గరిష్ఠ మోతాదుకు దాదాపు 30 రెట్లు. ఈ ప్రయోగాన్ని ఎల్కిన్ బృందం రేపటి దాణా సూత్రంగా చేయలేదు. పచ్చసొనలో కొలెస్టరాల్ ఎంతవరకు వంగుతుంది, ఎక్కడ మొండికేస్తుంది అన్నది తెలుసుకోవడమే దాని విలువ. ఆ ఫలితాన్ని ఇప్పుడే ఫారానికి తీసుకెళ్లవచ్చన్నట్టు ప్రచారం చేయడం తప్పని నా గట్టి అభిప్రాయం.

మొండితనానికి కారణం ఏమిటి? గుడ్డు మన పళ్లెం కోసం పుట్టినది కాదు, పిల్ల కోసం పుట్టినది. పిండం మెదడుకూ ప్రతి కణపు పొరకూ కొలెస్టరాల్ కావాలి. ఆ పిండానికి బయట నుంచి మరో గింజ కూడా అందదు. అందుకే కోడి శరీరం కొరవడిన సరుకుతో గుడ్లు పెట్టడం కంటే గుడ్లు తగ్గించుకోవడానికే మొగ్గుచూపుతుందని ఈ రంగంలోని శాస్త్రవేత్తలు చాలాకాలంగా భావిస్తున్నారు. పైగా వీఎల్‌డీఎల్ రేణువు నిర్మాణంలోనే కొలెస్టరాల్ ఒక భాగం. పచ్చసొనలోకి రేణువు యథాతథంగా వెళుతున్నప్పుడు, రేణువు కూర్పు మారితే తప్ప పచ్చసొనలో ఒక గ్రాముకు ఉండే కొలెస్టరాల్ మారదు. రేణువుల సంఖ్య తగ్గితే పచ్చసొన చిన్నదవుతుంది, లేదా గుడ్లు తగ్గుతాయి. స్టాటిన్ కొవ్వు ఆమ్లాల తయారీని నేరుగా ఆపదు కాబట్టి, కోడి లివర్‌లో ట్రైగ్లిజరైడ్ల పెద్ద ప్రవాహం మీద దాని పట్టు పరిమితమే. కొలెస్టరాల్ తగ్గించే మందు, కొవ్వు తగ్గించే మందు అనే రెండు మాటలను మనం రోజూ కలిపేసి వాడుతుంటాం. కోడిలో వాటిని వేరుగా చూడక తప్పదు.

1960 ప్రాంతంలో వాడిన ట్రైపరనాల్ అనే పాత మందు మరో పాఠం నేర్పింది. అది కొలెస్టరాల్ తయారీలో చిట్టచివరి మెట్టును ఆపుతుంది. ఫలితంగా కొలెస్టరాల్‌కు బదులు దాని ముందు మెట్టులోని డెస్మోస్టెరాల్ పేరుకుపోతుంది. కోళ్లకు ఇస్తే గుడ్డులో కొలెస్టరాల్ నిజంగానే తగ్గింది. దాని స్థానాన్ని డెస్మోస్టెరాల్ ఆక్రమించింది. పరీక్షలో అంకె తగ్గింది, గుడ్డు మాత్రం మెరుగుపడలేదు. మనుషుల్లో కంటి శుక్లాలతో సహా తీవ్రమైన దుష్ఫలితాలు రావడంతో 1962లో ఆ మందును మార్కెట్ నుంచి తీసేశారు.

ఫైబ్రేట్లు, మిగతావి

ఫైబ్రేట్ల పద్ధతి వేరు. ఇవి లివర్ కణాల్లో పీపీఏఆర్-ఆల్ఫా అనే నియంత్రకాన్ని మేల్కొలుపుతాయి. అది కొవ్వు ఆమ్లాలను కాల్చే ఎంజైమ్‌లను పెంచుతుంది. మనిషిలో ట్రైగ్లిజరైడ్లు పెరిగినప్పుడు వీటిని వాడతారు. ఆ లెక్కన గుడ్ల కోడికి ఇవే సరైన మందులని అనిపించవచ్చు, ఎందుకంటే దాని రక్తంలో పెరిగేది ప్రధానంగా ట్రైగ్లిజరైడ్లే. క్లోఫైబ్రేట్‌ను ఎక్కువ మోతాదులో ఇచ్చి చూసినప్పుడు రక్తంలో వీఎల్‌డీఎల్ బాగా తగ్గిన మాట నిజం. దానితో పాటే ఈస్ట్రోజన్ కూడా తగ్గింది, గుడ్డు తయారీ కూడా దెబ్బతింది. కాబట్టి ఇక్కడ ముడి విప్పడం కష్టం. లివర్ కొవ్వును కాల్చేయడం వల్ల అండాశయానికి సరుకు అందలేదా, లేక అండాశయం చల్లబడి ఈస్ట్రోజన్ తగ్గడం వల్ల లివర్ కొవ్వు పంపడం మానేసిందా? ఈ రెండూ ఒకదానినొకటి లాగే చక్రం. ఈస్ట్రోజన్ పనిని అడ్డుకునే టామాక్సిఫెన్ అనే మందు, నిజానికి కొవ్వు మందు కానే కాదు, కోడిలో ఇదే చిత్రాన్ని చూపుతుంది. రక్తంలో కొవ్వు దిగిపోతుంది, కోడి గుడ్లు పెట్టడం ఆపి ఈకలు రాల్చే దశలోకి వెళ్లిపోతుంది. రక్తపు రిపోర్టు మాత్రమే చూసేవారికి అది అద్భుతమైన లిపిడ్ మందులా కనిపిస్తుంది.

పిత్త ఆమ్లాలను పేగుల్లో పట్టి బయటకు పంపే రెసిన్లను ఇస్తే, పోయిన పిత్తాన్ని పూరించడానికి లివర్ మరింత కొలెస్టరాల్ తయారు చేసుకుంటుంది. గుడ్డు మీద పెద్ద ప్రభావం ఉండదు. వెల్లుల్లి పొడి మీద వచ్చిన ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. రాగిని అవసరానికి మించి, కిలో దాణాకు 250 మిల్లీగ్రాముల స్థాయిలో ఇచ్చిన కొన్ని ప్రయోగాల్లో పచ్చసొన కొలెస్టరాల్ గణనీయంగా తగ్గింది. అయితే అంత రాగి రెట్టలో కలిసి పొలాల్లో పేరుకోవడం మరో సమస్య.

వీటన్నిటికంటే నాకు ముఖ్యంగా తోచేది ఎగుమతి దగ్గర పడే అడ్డు. లివర్ నుంచి కొవ్వు బయటకు రావాలంటే దాన్ని రేణువుగా కట్టాలి. అందుకు అపోబీ ప్రోటీన్, కొవ్వును దాని మీదకు ఎక్కించే ఎంటీపీ అనే సహాయక ప్రోటీన్, పైపొరకు ఫాస్ఫాటిడైల్ కోలిన్ అనే కొవ్వు పదార్థం అవసరం. వీటిలో ఏది లోపించినా రక్తంలో కొవ్వు తగ్గుతుంది, ఆ కొవ్వంతా లివర్‌లోనే ఉండిపోతుంది. మనుషుల్లో ఎంటీపీని అడ్డుకునే లోమిటపైడ్ అనే మందును అరుదైన వంశపారంపర్య కొలెస్టరాల్ జబ్బుకు 2012 నుంచి వాడుతున్నారు. లివర్‌లో కొవ్వు చేరడం దాని ప్రధాన దుష్ఫలితం. రోజుకు 5 గ్రాములకు పైగా కొవ్వును బయటకు పంపవలసిన కోడి లివర్‌లో అలాంటి అడ్డు ఎంత త్వరగా ప్రమాదంగా మారుతుందో ఊహించడం కష్టం కాదు. రక్తంలో కొవ్వు తగ్గించే మందు కోడిని ఫ్యాటీ లివర్ నుంచి కాపాడుతుందన్న వాదనను నేను అంత సులువుగా ఒప్పుకోలేకపోవడానికి కారణం ఇదే. కొన్ని మార్గాల్లో అది సరిగ్గా వ్యతిరేక ఫలితాన్ని ఇస్తుంది.

ఫారంలో కనిపించే జబ్బు

గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో మొదటి స్థానంలో ఉంది, తెలంగాణ కూడా ముందు వరుసలోనే ఉంది. ఇక్కడి రైతులకు ఈ చర్చంతా చివరకు ఫ్యాటీ లివర్ హెమరేజిక్ సిండ్రోమ్ (లివర్‌లో కొవ్వు పేరుకుని రక్తం కారే జబ్బు) దగ్గర తగులుతుంది. 1956లో అమెరికాలోని టెక్సాస్‌లో జె.ఆర్. కౌచ్ దీన్ని ఫ్యాటీ లివర్ సిండ్రోమ్‌గా వర్ణించారు. లివర్‌లో రక్తస్రావం ముఖ్య లక్షణమని గుర్తించి 1972లో వోల్ఫోర్డ్, పోలిన్ పేరులో హెమరేజిక్ అనే మాటను చేర్చారు.

చనిపోయిన కోడిని కోసి చూస్తే జబ్బు దాదాపు తనంతట తానే మాట్లాడుతుంది. తురాయి పాలిపోయి ఉంటుంది. కోడి సన్నగా ఉండదు. బాగా మేసి, నిన్నటి దాకా గుడ్లు పెట్టిన పక్షే అయి ఉంటుంది. పొట్ట తెరవగానే మందపాటి కొవ్వు పొర కనిపిస్తుంది. లివర్ ముదురు గోధుమ ఎరుపుకు బదులు పసుపు మట్టి రంగులో, ఉబ్బి, వేలితో నొక్కితే చితికిపోయేంత మెత్తగా ఉంటుంది. దాని పైపొర కింద, చుట్టుపక్కల పొట్టలో నల్లబారిన రక్తపు గడ్డలు ఉంటాయి. కొవ్వుతో బిగుసుకున్న లివర్ పగిలి, లోపలే రక్తం కారిపోవడం వల్ల వచ్చిన చావు అది. ఇలాంటి లివర్ ఎండు బరువులో కొవ్వు 40 శాతం దాటి ఉంటుంది.

కారణాల్లో ముఖ్యమైనది అవసరానికి మించి లివర్‌కు చేరే శక్తి. కేజ్‌లో కదలిక తక్కువ. ఎండాకాలంలో ఒంటి వేడిని నిలుపుకోవడానికి పక్షికి పెద్దగా శక్తి అక్కరలేదు. ఈస్ట్రోజన్ మాత్రం కొవ్వు తయారు చేయమని లివర్‌ను నిరంతరం తొందరపెడుతూ ఉంటుంది. ఈస్ట్రోజన్‌తో పాటు మితిమీరిన మేత కలిస్తే ఈ జబ్బును కావాలని పుట్టించవచ్చని పోలిన్, వోల్ఫోర్డ్ 1977లో చూపారు. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. కొవ్వు జబ్బు కాబట్టి దాణాలో నూనె మానేయాలని అనుకుంటారు. నిజానికి మొత్తం శక్తిని పెంచకుండా, మొక్కజొన్న పిండిపదార్థంలో కొంత భాగం స్థానంలో నూనె ఇస్తే లివర్‌లో కొవ్వు తగ్గుతుంది. పిండిపదార్థం నుంచి కొవ్వును లివర్ స్వయంగా తయారు చేయాలి. నూనెలోని కొవ్వు ఆమ్లాలు సిద్ధంగా అందడమే కాకుండా, అసంతృప్త కొవ్వు ఆమ్లాలు ఆ తయారీ ఎంజైమ్‌లను అణచివేస్తాయి కూడా. మొత్తం శక్తి పెరగకూడదన్న షరతు తప్పితే మాత్రం ఈ లాభమంతా పోతుంది.

కోలిన్, మెథియోనిన్, బీ12, ఇనాసిటాల్, విటమిన్-ఇ కలిపి లివర్ టానిక్ పేరుతో అమ్మే మందులు ఎగుమతి వైపు సాయపడేందుకు ఉద్దేశించినవి. దాణాలో ఆ పోషకాల కొరత ఉంటే వీటి వల్ల మేలు ఉంటుంది. కొరత లేని చోట, బరువు మించిన కోళ్లకు ఎంత పోసినా అవి మేతకు ప్రత్యామ్నాయం కావు. నెలకోసారి కొన్ని కోళ్లను తూకం వేసి, జాతి ప్రమాణంతో పోల్చి, దాణా శక్తిని సరిచేయడం ఏ టానిక్ కంటే ముందు చేయవలసిన పని.

మనుషుల స్టాటిన్ మాత్రలను, ఫైబ్రేట్లను దాణాలో కలపవచ్చా అన్న ప్రశ్నకు సమాధానం స్పష్టం. కలపకూడదు. గుడ్ల కోళ్ల దాణా మందుగా ఇవి ఎక్కడా మామూలు వాడకంలోకి రాలేదు. కొవ్వులో కరిగే మందు ఏదైనా పచ్చసొనలో దాక్కునే అవకాశం ఎక్కువ. పచ్చసొన వారం, పది రోజుల పాటు పెరుగుతుంది కాబట్టి, మందు ఆపిన తరువాత వచ్చే గుడ్లలో కూడా అది కొనసాగవచ్చు. ఆ గుడ్డును తినేవారిలో పసిపిల్లలూ ఉంటారు, గర్భిణులూ ఉంటారు. సాధారణంగా వైద్యులే గర్భిణులకు ఆపించే మందు వారికి తెలియకుండా అల్పాహారంలో చేరడం ఏ లెక్కన చూసినా అంగీకరించదగింది కాదు.

ఈ ప్రయత్నాలకు మొదట ప్రేరణ ఇచ్చిన భయం కూడా ఇప్పుడు పలచబడింది. రోజుకు 300 మిల్లీగ్రాముల కొలెస్టరాల్ మించకూడదన్న పరిమితిని అమెరికా ఆహార మార్గదర్శకాలు 2015 కూర్పులో వదిలేశాయి. గుడ్డు మానేయమని వైద్యుడు ప్రత్యేకంగా చెప్పినవారి సంగతి వేరు. మిగతావారి రక్తంలో కొలెస్టరాల్‌ను ఎక్కువగా కదిలించేది సంతృప్త కొవ్వు. అది ఒక గుడ్డులో సుమారు ఒకటిన్నర గ్రాములే.

ఇక ఈ ప్రయోగాలను చదివేటప్పుడు ఏం వెతకాలో చెప్పుకోవాలి. కోడి లివర్ మీద కొవ్వు మందుల అధ్యయనం ఆగలేదు, ఆగకూడదు కూడా. మనిషిలాగే కొవ్వును ప్రధానంగా లివర్‌లోనే తయారు చేసే జీవి కాబట్టి, మనుషుల ఫ్యాటీ లివర్‌ను అర్థం చేసుకోవడానికి కోడి మంచి నమూనా అని పరిశోధకులు గుర్తించారు. అలాంటి నివేదిక చేతికి వచ్చినప్పుడు రక్తంలోని ట్రైగ్లిజరైడ్లు, కొలెస్టరాల్ అంకెల దగ్గర ఆగిపోకుండా లివర్ బరువు, లివర్‌లో కొవ్వు శాతం, ఈస్ట్రడయాల్ (ప్రధాన ఈస్ట్రోజన్) స్థాయి, గుడ్ల సంఖ్య, పచ్చసొన బరువు, గ్రాము పచ్చసొనకు కొలెస్టరాల్ కొలిచారో లేదో చూడాలి. మందు ఇచ్చిన గుంపు తక్కువ మేసిందేమో కూడా చూడాలి, ఎందుకంటే మేత తగ్గితే మందు లేకపోయినా ఈ అంకెలన్నీ దిగుతాయి. రక్తంలో కొవ్వు దిగి, లివర్‌లో కొవ్వు కూడా దిగి, గుడ్లు నిలకడగా ఉంటే తయారీ తగ్గిందని అర్థం. రక్తంలో దిగి లివర్‌లో పెరిగితే ఎగుమతి ఆగింది. రక్తంలో దిగి, ఈస్ట్రడయాల్ దిగి, గుడ్లు ఆగితే మందు తగిలింది అండాశయానికి. రక్తంలో పెరిగి గుడ్లు ఆగితే, రిస్ట్రిక్టెడ్ ఓవ్యులేటర్ పెట్టలో లాగా, అడ్డు అండకణం దగ్గర పడింది.